కోట ఉంది, లంద లేదు: మన కల్పిత రాజ్యాల్లో వృత్తులు, వర్గాలు

లేని రాజ్యాన్ని కల్పించే కథకునికి అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. గుర్రానికి రెక్కలు మొలిపించొచ్చు, చెట్టుచేత మాట్లాడించొచ్చు, మాంత్రికుని ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిపెట్టొచ్చు. చరిత్రకారునికి శాసనం కావాలి. నవల రాసేవానికి నమ్మదగిన ఊరు కావాలి. జానపద రాజ్యం కట్టేవానికి ఇవేవీ అక్కర్లేదు. మరి ఇంత స్వేచ్ఛ ఉన్నోడు పని దగ్గరికి వచ్చేసరికి ఎందుకంత జాగ్రత్తపడతాడు? ఎవరు ఏ పని చెయ్యాలి, ఎవరు ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి, ఎవరి కొడుకు ఏమవుతాడు అనే దగ్గర ఆయన ఊహ ఎందుకు ఆగిపోతుంది? కొన్ని పనులను, ఆ పనులు చేసే మనుషులను పూర్తిగా ఎందుకు మాయం చేస్తాడు?

పిల్లల కాలక్షేపానికి ఇన్ని ప్రశ్నలా అని కొందరు అనవచ్చు. మేము అట్ల అనుకోవడం లేదు. నిజమైన రాజ్యంలో కులాన్ని శాస్త్రం పెట్టింది, రాజు నిలబెట్టిండు, దొర అమలుచేసిండు అని సాకు చెప్పుకోవచ్చు. కల్పిత రాజ్యంలో ఆ సాకు చెల్లదు. అక్కడ ఉన్నదంతా కథకుడు పెట్టింది. లేనిదంతా కథకుడు తీసేసింది, లేదా ఆయన కంటికి ఆననిది. ఒక సమాజం తన ఊహలో ఎవరికి చోటిస్తుందో చూడాలంటే ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

మేము ఈ రాజ్యాలను కేతేపల్లి నుంచి చూస్తున్నాం. అందుకని ముందు ఊరి లెక్క చెప్పుకుని తర్వాత కోటలోకి పోదాం.

ఊరి లెక్క

కేతేపల్లి హైదరాబాదు–విజయవాడ రహదారి మీద, నకిరేకల్‌కూ సూర్యాపేటకూ నడుమ ఉంటుంది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు దగ్గర్లోనే ఉంది. కాలువ నీళ్లు రాకముందు ఈ మెట్ట నేలల్లో సేద్యం అంటే చెరువు, లేకుంటే బావి. బావి అంటే మోట. మోట అంటే తోలు. బొక్కెన ఇనుముదైనా దాని తొండం తోలుదే. ఎద్దులు వాలు మీద దిగుతుంటే బొక్కెన పైకి రావాలి, తొండం నుంచి నీళ్లు కాలువలో పడాలి. తొండం చినిగితే ఆ రోజుకు మడి ఎండినట్టే. రైతుకు నాగలి ఎంతో మాదిగ కుట్టిన తొండం అంత. నాగటికి పూజలున్నాయి, తొండానికి లేవు.

ఆ తోలు ఎట్లా తయారవుతుంది? చచ్చిన గొడ్డును ఊరవతలికి మోసుకపోవాలి. చర్మం ఒలవాలి. సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుక గీకాలి. తంగేడు చెక్క దంచి పోసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టాలి, మధ్యమధ్య తిరగెయ్యాలి. తోలును సంచిలాగ కుట్టి, లోపల చెక్క నింపి, నీళ్లు పోసి వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. ఎన్ని రోజులుంచాలి, చెక్క ఎంత పడాలి, ఏ తోలు చెప్పుకు పనికొస్తుంది, ఏది పలుపుకు, ఏది డప్పుకు అనేది పుస్తకంలో లేదు, చేతిలో ఉంది. కుళ్లిపోయే దాన్ని కుళ్లకుండా చెయ్యడం అంటే రసాయన శాస్త్రమే. ఆ శాస్త్రం తెలిసినవాడిని ఊరు తన గాలికి ఎదురుగా ఉంచలేదు. వాసన తగలని దిక్కున వాడ కట్టించింది.

నిజాం రాజ్యంలో ఊరికి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండేవాళ్లు. వాళ్ల కింద సేత్‌సింధి, మస్కూరి, బేగారి, చెరువు తూము విప్పే నీరడి. కింది కొలువులు చాలా ఊళ్లలో మాల మాదిగ ఇళ్ల నుంచే నింపేవాళ్లు. ఇక చాకలి, మంగలి, కుమ్మరి, వడ్ల, కమ్మరి కళ్లం దగ్గర మేర తీసుకుని ఏడాదంతా పని చేసేవాళ్లు. మాదిగకూ మేర ఉంది, అందరి కంటే చివర. వీటన్నిటి మీద వెట్టి. దొర గడికి కట్టెలు మోసేది, కాగితం పట్టుకుని పక్క ఊరికి ఉరికేది, అధికారి దిగితే ఆయన సామాను మోసేది, చెప్పులూ వార్లూ కుట్టి ఉత్తపుణ్యానికి ఇచ్చేది వెట్టి. ఒక్కో దళిత కుటుంబం నుంచి ఒక మనిషిని వెట్టికి పంపాల్సిందేనన్న సంగతి పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తెలంగాణ పోరాట గ్రంథంలో రాశారు. వెట్టి ఒక్క దళితులకే పరిమితం కాలేదు. చాకలి, కుమ్మరి, గౌండ్ల, గొల్ల కూడా చేసిండ్రు. అందుకే 1946 నుంచి 1951 దాకా ఈ నల్లగొండ జిల్లా అట్లా భగ్గుమంది.

జాగీర్లు 1949లో రద్దయ్యాయి. పటేల్, పట్వారీలు 1984లో పోయారు. కింది కొలువులు మాత్రం పేర్లు మార్చుకుని నడిచాయి. గ్రామ రెవెన్యూ సహాయకులు అనే పేరుతో ఉన్నవాళ్లను 2023లో తెలంగాణ ప్రభుత్వం వేరే శాఖల్లో కలిపేదాకా నీరడి, మస్కూరి, లష్కర్ అనే మాటలు సర్కారు నోట్లో ఆడుతూనే ఉన్నాయి. అంటే కథల్లోని రాజ్యం ఎంత పాతదో ఊళ్లోని రాజ్యం కూడా అంతే పాతది. ఒకటి మాత్రం మొన్నమొన్నటిదాకా జీతపు రిజిస్టరులో ఉంది.

చందమామ రాజ్యం

తెలుగు పిల్లల ఊహలో రాజ్యం అంటే చాలావరకు ‘చందమామ’ రాజ్యమే. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో పెట్టిన ఈ పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు నడిపించారు. ‘తోకచుక్క’, ‘మకరదేవత’ లాంటి సీరియళ్లు దాసరి సుబ్రహ్మణ్యం రాశారు. చిత్రా బొమ్మలు వేశారు. బళ్లో వాచకం తర్వాత మేము ఇష్టంగా చదివింది ఇదే. ఆ అచ్చు, ఆ బొమ్మ, ఆ తెలుగు సామాన్యమైనవి కావు. ఆ మాట ముందే చెప్పి తర్వాత పేచీకి దిగుతున్నాం.

ఆ రాజ్యంలో ఎవరెవరున్నారు? రాజు, మంత్రి, సేనాధిపతి, ఆస్థాన పండితుడు. షావుకారు, వడ్డీ వ్యాపారి. రైతు, పాలేరు. కట్టెలు కొట్టేవాడు, కుమ్మరి, చాకలి, మంగలి, జాలరి. దొంగ. అడవిలో ముని, గుహలో మాంత్రికుడు. ధనవంతుడున్నాడు, పేదవాడున్నాడు. పేదవాడు తెలివైనవాడు, న్యాయం చివరికి వాడి పక్షానే ఉంటుంది. వర్గం ఉంది, కులం పేరుకు ఉంది, అంటు మాత్రం లేదు. మాకు గుర్తున్నంతలో ఎక్కడో ఒక చెప్పులు కుట్టేవాడు వస్తే వస్తాడు. వాడికి ఇల్లుంటుంది, పెళ్లాం ఉంటుంది, అత్యాశో మంచితనమో ఉంటుంది. వాడ ఉండదు. వాడి ఇల్లు రైతు ఇంటి పక్కనే ఉన్నట్టుంటుంది. వాడు ఏ బావిలో నీళ్లు తోడుకున్నాడో కథ చెప్పదు.

ఇది మంచిదే కదా, పిల్లలకు అంటరానితనం నేర్పకుండా ఉండటం మేలే కదా అని ఒక వాదన ఉంది. వినడానికి బాగానే ఉంటుంది. ఐతే ఆ కథ చదివే మాదిగ పిల్లవాడు పుస్తకం మూసి ఇంటికి పోవాల్సింది వాడకే. కథలోని పేదవాడు తనే అనుకుందామంటే ఆ పేదవాడు బ్రాహ్మణుని గడప ఎక్కుతున్నాడు, షావుకారుతో పక్కన కూర్చుని బేరమాడుతున్నాడు. వాడ పిల్లవాడికి అక్కడ తన పోలిక దొరకదు. అంటరానితనాన్ని తీసేసే దారిలో అంటరానివాణ్నే తీసేశారు. గాయం కనిపించకుండా ఉండాలంటే మనిషిని పంపించెయ్యడం ఒక పద్ధతి.

ఒక మాట అడగాలి. కుటుంబరావు అభ్యుదయవాది, విరసంలో ఉన్నవారు, మూఢనమ్మకాల మీద పోరాడినవారు. ఆయన సంపాదకత్వంలో నడిచిన కల్పిత రాజ్యంలో పేదవానికి కులం లేదు. ఆ కాలపు విప్లవ కథల్లోని పేదవానికీ చాలావరకు కులం లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగిన తర్వాతనే తెలుగు సాహిత్యం ఆ పేదవాని ఇంటిపేరు అడగడం మొదలుపెట్టింది. పిల్లల కథకూ పెద్దల కథకూ ఇక్కడ పెద్ద తేడా లేకపోవడం గమనించదగింది.

దళిత వృత్తి పేరుతో సహా కనిపించే పాత కథ ఒకటుంది, హరిశ్చంద్రునిది. అక్కడ కాటికాపరి కొలువుంది, దాని యజమాని వీరబాహుడున్నాడు. ఆ కొలువు కథలోకి ఎందుకు వచ్చింది? రాజు ఎంత కిందికి పడిపోయిండో కొలవడానికి. ఒకరి ఇంటి రోజువారీ బతుకు ఇంకొకరి కథలో శిక్ష అయింది. అదే నాటకంలో జనం చెవులప్పగించి విన్న శ్మశాన పద్యాలు మాత్రం జాషువావి. కాటి సీనుకు గొంతు ఇచ్చింది మనోడే.

తోట రాముడు, భైరవి విగ్రహం

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని మేము తేలిగ్గా కొట్టెయ్యం. కె.వి. రెడ్డి తీసిన ఈ సినిమాలో, పింగళి నాగేంద్రరావు రాసిన ఈ ఉజ్జయిని రాజ్యంలో నాయకుడు తోటమాలి కొడుకు. రాజు బావమరిది పన్నుల పేరుతో జనాన్ని పీడిస్తుంటే ఎదురు తిరుగుతాడు. రాజకుమారిని ప్రేమిస్తాడు. చివరిదాకా తోట రాముడే. చిన్నప్పుడు ఎత్తుకపోయిన రాజకుమారుడు అని చివర్లో బయటపడడు. భుజం మీద పుట్టుమచ్చ లేదు, మెడలో రాజముద్ర లేదు. తెలుగు జానపద సినిమాలో ఇది చిన్న విషయం కాదు.

కాని రాజు పెట్టిన షరతు చూడండి. తనతో సమానంగా ధనవంతుడై రమ్మంటాడు. కులం గురించి మాట్లాడకుండా ఆస్తి గురించి మాట్లాడతాడు. ఆ ఆస్తి ఎట్లా వస్తుంది? తోటపని చేస్తే రాదని అందరికీ తెలుసు. అందుకే భైరవి విగ్రహం. అడగగానే మేడ లేచి నిలబడుతుంది. ఒక రాయి మోసినవాడు లేడు, సున్నం కలిపినవాడు లేడు, కూలీ అడిగినవాడు లేడు. ‘మాయాబజార్’ (1957) నగరం కూడా అట్లాంటిదే, మంత్రం చదివితే వీధులు, బజార్లు లేచాయి.

శ్రమ లేకుండా మేడ లేవడం అనేది ఎవరి కల? కూలివాడు కంటే అర్థం ఉంది, నడుము నొప్పి లేకుండా ఇల్లు లేవాలని వాడు కోరుకుంటాడు. కాని ఈ కల తెలంగాణ దొరకు కల కాదు, అనుభవం. మేము పుట్టిన జిల్లాలో గడులు ఇట్లనే లేచినయి. దొర నోరు తెరిచి అడిగితే కట్టె వచ్చింది, రాయి వచ్చింది, మనిషి వచ్చిండు. కైకిలి లేదు, లెక్క లేదు. ఆయనకు పాతాళభైరవి అక్కర లేకపోయె, వెట్టి ఉండె. సినిమాలో విగ్రహం చేసే పనిని ఊళ్లో వాడ చేసింది. అందుకని మాయ అనేది జానపద కథకు అలంకారం అని మాత్రమే చదవకూడదు. మాయ ఎక్కడెక్కడ పని చేస్తున్నదో చూస్తే అక్కడ ఒక పనివాణ్ని దాచిపెట్టిన గుర్తు కనిపిస్తుంది.

దండోరా

ఇంకో పనివాణ్ని దాచకుండానే దాచారు. ప్రతి జానపద సినిమాలో, సగం కథల్లో ఒక సీనుంటుంది. రాజకుమారికి జబ్బు చేస్తుంది, లేదా రాక్షసుడు ఊరి మీద పడతాడు. రక్షించినవానికి అర్ధరాజ్యం ఇస్తామని దండోరా వేస్తారు. నాలుగు వీధుల కూడలిలో ఒకడు వాయించి, చాటి, పోతాడు. నాయకుడు ఆ మాట విని గుర్రమెక్కుతాడు. కథంతా ఆ చాటింపు మీదనే కదులుతుంది. చాటినవాడు మాత్రం అర నిమిషం. ఆ రాజ్యంలో రాజాజ్ఞకు గొంతు వాడే, చట్టం జనానికి చేరే దారి వాడే.

మా ఊళ్లల్లో ఆ పని ఎవరిదో అందరికీ తెలుసు. పన్ను కట్టే గడువు, చెరువు తూము విప్పే రోజు, పంచాయితీ, పెద్దాఫీసరు వస్తున్నాడన్న కబురు, అన్నీ మాదిగ డప్పు మీద చాటినవే. చావుకు డప్పు, బోనానికి డప్పు, జాతరకు డప్పు. డప్పు లేకుండా ఊరికి సంతోషమూ తెలియదు, దుఃఖమూ తెలియదు. ఊరంతటికీ వార్త చెప్పేవానికి ఊరి నడుమ నిలబడే హక్కు చాటింపు అయ్యేదాకనే.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం దాన్ని దండోరా అన్నారు, మాదిగ దండోరా. ఇంతకాలం పటేలు మాట చాటినోళ్లు తమ మాట తామే చాటుకోవడం అది. అప్పటిదాకా కించగా దాచుకున్న కులం పేరు పక్కన డప్పు బొమ్మ వచ్చి చేరింది. ఆ తర్వాత జానపద సినిమాలో దండోరా సీను వచ్చినప్పుడు మాకు రాకుమారి జబ్బు గుర్తుండదు, డప్పు పట్టుకున్నవాని మొహం వెతుకుతాం.

మాహిష్మతి

ఇప్పటి పిల్లలకు చందమామ తెలియదు, మాహిష్మతి తెలుసు. రాజమౌళి ‘బాహుబలి’ మొదటి భాగం 2015లో, రెండోది 2017లో వచ్చాయి. పురాణాల్లో మాహిష్మతి అనే పేరున్నా ఈ సామ్రాజ్యం కల్పితం. దీంట్లో పనివాళ్లు కనిపిస్తారు. వందల మంది తాళ్లు పట్టి భల్లాలదేవుని బంగారు విగ్రహాన్ని లేపుతుంటారు, కొరడాలు పడుతుంటాయి. మాయతో లేచే మేడ కంటే ఇది నయం అనిపిస్తుంది. కాని విగ్రహం కూలబోతే ఆపేది వందల మందిలో ఒకడు కాదు, రాజరక్తం. శివుడు గూడెంలో పెరుగుతాడు, పెంచిన తల్లి రాణి కాదు, అయినా రాజకుమారుడే. పెంపకం ఎక్కడిదైనా పుట్టుక గెలుస్తుంది. తోటమాలి కొడుకు తోటమాలి కొడుకుగానే గెలిచిన 1951 నుంచి 2015కు మనం ముందుకు వచ్చినమా, వెనక్కి పోయినమా?

కట్టప్ప గురించి చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు. వీరుడు, నమ్మకస్థుడు. పూర్వీకులు ఇచ్చిన మాట వల్ల సింహాసనానికి బానిస. సింహాసనం మీద ఎవడు కూర్చున్నా వానికే బానిస. విడిపిస్తానని పరదేశి ముందుకొచ్చినా పోడు. తాతల మాట మనవల మీద పడే ఈ ఏర్పాటును సినిమా ధర్మం అంటుంది. నిజాం రాజ్యంలో దాన్ని భాగేలా అన్నారు. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు జీతం ఉండేవాడు. పెళ్లికి తెచ్చిన నాలుగు రూపాయలు ఇద్దరు తరాల నడుము విరిచేవి. 1936లో ఆ ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం నిబంధనలు తేవాల్సి వచ్చింది. దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. సినిమాలో కట్టప్పను కట్టేసింది మాట. మా జీతగాళ్లను కట్టేసింది కాగితం. ఆ కాగితం మీద వేలిముద్ర పడే చోట నమ్మకస్థుడు అనే మాట లేదు. విడిపోయే దారి దొరికిన రోజు జీతగాళ్లు నిలబడలేదు, సంఘంలో చేరారు. ఇదొక్కటి చాలు, కట్టప్పను ఎవరి కోరిక పుట్టించిందో తెలియడానికి.

కాలకేయుల నలుపు గురించి అప్పట్లో చాలామంది రాశారు, మళ్లీ చెప్పం. తక్కువమందికి తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఆ సినిమా తమిళ పాఠంలో ‘పగడై’ అనే మాట తిట్టుగా పడింది. పగడై అనేది తమిళనాడులో అరుందదియర్ల పేర్లలో ఒకటి. అరుందదియర్లు తోలుపని, పారిశుధ్యం పని చేసే కులం. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన మాదిగల చుట్టాలే అనుకోండి. 2015లో మధురైలో నిరసన జరిగింది, ఒక సినిమా హాలు మీద పెట్రోలు బాంబులు కూడా పడ్డాయి. తమిళ మాటలు రాసిన మదన్ కార్కి విచారం తెలిపారు. దాడిని మేము సమర్థించం. కాని జరిగింది ఏమిటో చూడండి. సైనికుల నడుములకు, చేతులకు, గుర్రాల వీపుల మీద ఎక్కడ చూసినా తోలు మెరిసే ఒక సామ్రాజ్యం ఉంది. డాళ్లు, జీనులు, ఒరలు, పాదరక్షలు, యుద్ధభేరి. ఇవన్నీ కుట్టినవాడు ఆ సామ్రాజ్యంలో ఎక్కడా కనిపించడు. వాని పేరు మాత్రం ఒక్కసారి వినిపించింది, తిట్టుగా.

కోటల బొమ్మలు గీసేవాళ్లు బురుజులు లెక్కపెట్టి గీస్తారు. ఒక సేన బయల్దేరాలంటే ఎన్ని వందల లందలు కావాలో ఎవరూ లెక్కపెట్టరు.

వాడ కల్పించిన రాజ్యం

ఐతే ఊహ అంతా కోటవాళ్ల సొత్తు కాదు. వాడకూ ఒక కల్పిత లోకం ఉంది. అది జాంబపురాణం. అచ్చు పుస్తకాల్లోకి వచ్చింది ఇటీవల. అంతకుముందు ఎన్ని తరాల నుంచో చిందోళ్లు ఆడుతున్నారు, డక్కలోళ్లు చెబుతున్నారు.

నిజానికి మన ప్రాంతంలో దాదాపు ప్రతి వృత్తి కులానికీ ఒక పురాణం, అది చెప్పే ఒక ఆశ్రిత కులం ఉంది. పద్మశాలీల భావనారుషి కథ కూనపులోళ్లు చెబుతారు. చాకలోళ్ల మడేలు పురాణం పటమోళ్లు చెబుతారు. ముదిరాజుల దగ్గరికి కాకిపడగలోళ్లు వస్తారు. గొల్లల కాటమరాజు కథకు మందెచ్చులోళ్లున్నారు. ప్రతి పురాణంలోనూ లోకం ఆ కులం పని నుంచే మొదలవుతుంది. దేవుడికి బట్ట నేసినవాడు శాలి, మైలబట్ట ఉతికినవాడు మడేలు. దేవతలు వీళ్ల వాకిట్లోకి వచ్చి అడుక్కుంటారు. కోట కథల్లో మాయ చేసే పనులన్నీ ఈ కథల్లో చేతులే చేస్తాయి.

జాంబపురాణం ఇంకో అడుగు ముందుకు పోతుంది. జాంబవుడు భూమి పుట్టక ముందు ఆరు నెలలకే పుట్టిండు. బ్రహ్మ విష్ణు మహేశ్వరుల కన్నా పెద్దోడు, తాత. లోకమంతా నీళ్లే ఉంటే భూమి గట్టిపడటానికి తన కొడుకును బలిచ్చిండని కొన్ని పాఠాలు చెబుతాయి. పాలు తోడుకున్నట్టు ఆ నెత్తురుతో భూమి పేరుకుందట. ఈ మాట వింటే మాకు లంద గుర్తొస్తుంది. ఊరబెట్టడం, తోడు పెట్టడం, జారిపోయేదాన్ని నిలిచేటట్టు చెయ్యడం తోలుపని చేసేవానికి తెలిసిన విద్య. వాడు సృష్టిని ఊహించుకుంటే ఇట్లనే ఊహించుకుంటాడు. ‘కలుగుగాక’ అంటే కలిగే లోకం కాదు అది, పని చేస్తే నిలిచిన లోకం.

చిందు యక్షగానంలో జాంబవునికీ బ్రాహ్మణునికీ వాదం నడుస్తుంది. నువ్వు పెద్దా నేను పెద్దా అని. పుట్టుక గురించి, శుద్ధి గురించి, దేవతల మూలం గురించి బ్రాహ్మణుడు అడుగుతాడు, జాంబవుడు జవాబు చెప్పి ఎదురు ప్రశ్న వేస్తాడు. చిందులో ఆడవాళ్లు కూడా మగవేషాలు కడతారు. నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతానికి చెందిన చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆ ఆటకు పెద్దదిక్కు. జనగామకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పాలమూరు కిన్నెర మొగిలయ్యకు 2022లో వచ్చింది, ఆయనది డక్కలి కులం.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ సభ తన పేరును ఆది ఆంధ్ర సభగా మార్చుకుంది. హైదరాబాదులో ఆయన ఆది హిందూ ఉద్యమం నడిపారు. మేము కిందివాళ్లం కాదు, ముందువాళ్లం అనే ఆ వాదం నగరంలోని చదువుకున్నవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. ఆదిజాంబవుడు అనే పేరులోనే అది ఉంది. చిందు ఆటలో పగలంతా విన్న వాదమే మహాసభలో తీర్మానం రూపం తీసుకుందని మా అభిప్రాయం.

ఇంతవరకు చెప్పి ఆపితే మాకు సుఖంగా ఉంటుంది. ఆపలేం. ఇంత గొప్పగా పుట్టినవాడు ఇప్పుడు చచ్చిన గొడ్డును ఎందుకు మోస్తున్నాడు అనే ప్రశ్నకు జాంబపురాణం కూడా జవాబు చెప్పాలి. అది శాపం అని చెబుతుంది. కామధేనువు చావు, దాని మాంసం, వంట దగ్గర జరిగిన తప్పు, దేవతల కోపం. పాఠాన్ని బట్టి వివరాలు మారతాయి, శాపం మారదు. అంటే లోకం నిలిపిన పని, శిక్షగా వచ్చిన పని రెండూ ఒకటే. కోటవాళ్ల ఊహ వాడ ఊహలోకి ఎంత లోతుగా దిగిందో ఇక్కడ తెలుస్తుంది. తన లోకాన్ని తానే కట్టుకున్నా దాంట్లో తన కష్టానికి కారణం తన తప్పే అని రాసుకోవాల్సి వచ్చింది. దొర చేసిండు అని పురాణంలో లేదు.

రెండో సంగతి ఇంకా బరువైనది. అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో కులం పనిని పంచడం కాదు, పనివాళ్లను విడగొట్టడం అని చెప్పారు. ఒకరి కింద ఒకరుగా మెట్లు కట్టడం అని చెప్పారు. ఆ మెట్లు వాడ దగ్గర ఆగిపోలేదు. చిందు, డక్కలి, మాస్టి, నులకచందయ్య, బైండ్ల, ఆసాది మాదిగల చుట్టూ ఉన్న కులాలు. ఊళ్లు పంచుకుని, మిరాశి ప్రకారం వచ్చి, ఆడి, పాడి, మాదిగ ఇళ్ల నుంచి త్యాగం తీసుకుని పోయేవాళ్లు. వీళ్లలో డక్కలోళ్లను మాదిగలే అంటరానివాళ్లుగా చూశారు. జాంబవుడు అందరికంటే ముందు పుట్టిండని పటం విప్పి చెప్పే మనిషి ఆ జాంబవుని పిల్లల ఇంట్లోకి రాకూడదు. ఆయన కథ చెప్పేది వాడ బయట నిలబడి, తినేది వాడ బయట కూర్చుని. ఊరు వాడను ఎక్కడ పెట్టిందో వాడ డక్కలి గుడిసెను అక్కడ పెట్టింది.

దీని గురించి మాట్లాడితే ఐక్యత చెడుతుందని మన కార్యకర్తల్లో కొందరి భయం. 1994 నుంచి వర్గీకరణ మీద మాల మాదిగల మధ్య నడిచిన వాదంలో ఈ మాట చాలాసార్లు వినబడ్డది. తమిళనాడు 2009లోనే అరుందదియర్లకు లోపలి కోటా ఇచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ఎస్సీ కులాలను మూడు గుంపులు చేసింది. మాదిగలు, వాళ్లతోపాటు చిందోళ్లు రెండో గుంపులో ఉన్నారు, 9 శాతం. మాలలు మూడో గుంపులో, 5 శాతం. డక్కలి, మాస్టి లాంటి అతి చిన్న, అతి వెనకబడ్డ కులాలను విడిగా మొదటి గుంపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. ఒక శాతం సరిపోతుందా లేదా అన్నది వేరే వ్యాసం అవుతుంది. జాంబవుని కథ ఆడేవాళ్లు, పటం విప్పి చెప్పేవాళ్లు ఇప్పుడు చట్టంలో వేరు వేరు గుంపుల్లో ఉన్నారు. కథ చెప్పించుకున్నవాళ్లు, ఆడినవాళ్లు ఒక గుంపులో. వాడ బయట నిలబడి చెప్పినవాళ్లు ఇంకో గుంపులో.

మా ప్రాంతపు బడుల్లో పాఠం చెప్పేవాళ్లకు ఒక పని సూచిస్తున్నాం. పిల్లలకు ఒక రాజ్యం కల్పించమనండి. కోట, నది, అడవి గీస్తారు, సరదాగా గీస్తారు. గీసిన తర్వాత సైనికుని చెప్పులు ఎవరు కుట్టారు, చచ్చిన గుర్రాన్ని ఎవరు తీశారు, దండోరా వేసినవాడు రాత్రికి ఎక్కడ పడుకున్నాడు అని అడగండి. వాడ పిల్లలు ముందు చెబుతారు. మిగతా పిల్లలు బొమ్మలో చోటు వెతకాల్సి వస్తుంది, కాగితం నిండిపోయి ఉంటుంది కాబట్టి.